బరంపురం ప్రాంతపు అమ్మాయిని హ్యాండ్‌బాల్ క్రీడాకారిణిగా తీర్చిదిద్దే దారి

ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ జిల్లాల్లో తెలుగు మాట్లాడే ఇళ్ల నుంచి బడికి వచ్చే ఆడపిల్లలకు ఇరవై ఏళ్లుగా వ్యాయామం నేర్పుతున్నాను. చెడుగుడులో ఒంటికి ఒళ్లు తగిలినా బెదరకుండా నిలబడే పిల్ల, ఏడు పెంకులాటలో గురి తప్పకుండా బంతి విసిరే పిల్ల, ఖోఖోలో రెప్పపాటులో దిశ మార్చుకునే పిల్ల మన ప్రతి వీధిలోనూ ఉంటుంది. ఈ మూడు నేర్పులనూ ఒక్కచోట అడిగే ఆట హ్యాండ్‌బాల్, అంటే రెండు జట్లు చేత్తో బంతి విసిరి గోలు కొట్టే ఆట. అయినా పదో తరగతి దాటాక ఆ పిల్లల్లో మైదానంలో మిగిలేవారు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది కూడా ఉండరు. పిల్లల్లో సత్తా లేక ఇలా జరగడం లేదు. ఏ వయసులో ఏది నేర్పాలో, ఎప్పుడు ఇంటి దగ్గర ఉంచాలో, ఎప్పుడు బయటికి పంపాలో చెప్పే వరస మన దగ్గర లేకపోవడమే కారణమని నా అభిప్రాయం. వ్యాయామ ఉపాధ్యాయులకూ తల్లిదండ్రులకూ ఆ వరసను ఇక్కడ రాస్తున్నాను.

బరువులెత్తే ఆటలో మన ఊరికి ఇలాంటి వరస ఉంది. బరంపురం వ్యాయామశాలల్లో పెరిగిన కాతులు రవికుమార్ 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 69 కిలోల విభాగంలో బంగారు పతకం తెచ్చారు. కాబట్టి చిన్న ఊరి నుంచి పెద్ద ఆటగాడు రావడం మనకు కొత్త సంగతి కాదు. జట్టుగా ఆడే ఆటలో ఆడపిల్లకు అలాంటి ఆదర్శం దగ్గర్లో కనబడలేదు కనుక నేను దూరంగా వెతికాను, అక్కడ నాకు స్పెయిన్ దొరికింది.

స్పెయిన్‌నే ఎందుకు ఎంచుకున్నానంటే, మహిళల హ్యాండ్‌బాల్‌లో నార్వే, డెన్మార్క్ వంటి ఉత్తరాది దేశాలు ఏలుతున్న కాలంలో వాళ్లంత ఎత్తూ బరువూ లేని క్రీడాకారిణులతోనే ఈ జట్టు పైకి వచ్చింది. 2008 యూరోపియన్ పోటీల్లో రజతం, 2011లో బ్రెజిల్‌లో జరిగిన ప్రపంచ పోటీల్లో కాంస్యం, 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం, 2014 యూరోపియన్ పోటీల్లో మళ్లీ రజతం, 2019లో జపాన్‌లో ప్రపంచ రజతం గెలిచింది. వాళ్ల దేశంలో ఈ జట్టును ‘గెర్రెరాస్’ అని పిలుస్తారు, అంటే యోధురాళ్లు. ఈ పతకాల్లో చాలావాటిలో పాలుపంచుకున్న కార్మెన్ మార్టిన్ అనే క్రీడాకారిణి ప్రస్థానం మన పిల్లలకు బాగా దగ్గరగా ఉంటుందని నాకు అనిపించింది. ఆమె 1988లో రోకెటాస్ దె మార్ అనే సముద్రతీర పట్టణంలో పుట్టారు. అది స్పెయిన్ దక్షిణ కొసన అల్మెరియా జిల్లాలో ఉంది. ప్లాస్టిక్ కప్పుల కింద కూరగాయలు పండించే సేద్యానికి ఆ నేల పేరుపొందింది. ఆమెది ఎడమచేతి వాటం. మొదట చెప్పవలసిన సంగతి ఆ చేతి గురించే.

ఎడమచేతి పిల్లను మార్చకండి

మన ఇళ్లలో పిల్ల ఎడమ చేత్తో ముద్ద ఎత్తితే నాయనమ్మ “ఆ చెయ్యి కాదే, కుడి చేత్తో తినవే” అని చేయి మీద కొడుతుంది. కొందరు బలపం కూడా కుడి చేతికి మార్పిస్తారు. తిండి దగ్గర ఆచారం ఎలా ఉన్నా, బంతి దగ్గర మాత్రం ఆ చేతిని మార్చకండని పెద్దలను చేతులు జోడించి అడుగుతాను. హ్యాండ్‌బాల్‌లో ఎడమచేతి వాటం అరుదుగా దొరికే సంపద. అందుకు కారణం మైదానపు కొలతల్లోనే ఉంది. కుడి అంచు నుంచి గోలు వైపు దూకే క్రీడాకారిణి కుడిచేతి వాటం అయితే, బంతి పట్టిన చేయి మైదానం బయటి గీత వైపు ఉంటుంది, గోలు ఆమెకు సన్నని సందులా కనబడుతుంది. అదే చోట ఎడమచేతి పిల్ల దూకితే విసిరే చేయి మైదానం మధ్యకు వస్తుంది కనుక, గోలులో ఎక్కువ భాగం ఆమెకు తెరుచుకుంటుంది. అందువల్ల ప్రతి మంచి జట్టులోనూ కుడి వింగు (కుడి అంచు), కుడి బ్యాక్ (కుడి వైపు వెనక) స్థానాలు ఎడమచేతివారి కోసం ఎదురుచూస్తూ ఉంటాయి. కార్మెన్ మార్టిన్ కుడి వింగులోనే ఆడి, 2011 ప్రపంచ పోటీల్లో ఆ స్థానంలో అత్యుత్తమ క్రీడాకారిణిగా ఎంపికయ్యారు.

కాబట్టి ఆరో తరగతి పిల్లలు బడిలో చేరిన వారమే ఒక పని చేయండి. అందరినీ వరసగా నిలబెట్టి, ఏ చేత్తో విసరాలో చెప్పకుండా, తలా ఒక చిన్న రాయినో రబ్బరు బంతినో గోడ మీద గుర్తుకు కొట్టమనండి. ఎడమ చేత్తో కొట్టిన పిల్లల పేర్లు విడిగా రాసిపెట్టుకోండి. తరువాత వాళ్ల ఇంటికి వెళ్లి పెద్దవాళ్లతో మాట్లాడండి. పిల్ల రాత మారిపోతుందని భయపడే ఇంట్లో ఈ కోణం సంగతిని సుద్దముక్కతో నేల మీద గీసి చూపిస్తే వాళ్లు ఒప్పుకుంటారు. నాకు ఇంతవరకు ఒక్క ఇంట్లోనూ కాదనలేదు.

మైదానం, బంతి, గోలు

అసలు మైదానం 40 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు ఉండాలి. మన బడుల్లో చాలాచోట్ల అంత జాగా దొరకదు, దొరికినా మధ్యలో వేపచెట్టో బోరింగో ఉంటుంది. పన్నెండేళ్లలోపు పిల్లలకు సగం మైదానం, ఒక్క గోలు చాలు. గోలు లోపలి కొలత 3 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల ఎత్తు. కడ్డీలు 8 సెంటీమీటర్ల చదరంగా ఉంటాయి, మంచి సరుగుడు కర్రతో ఊరి వడ్రంగి చేయగలడు.

గీతలు గీయడంలో ఎక్కువమంది తప్పు చేసేది 6 మీటర్ల గీత దగ్గర. గోలు కాపాడే గోలీ తప్ప ఎవరూ కాలు పెట్టకూడని చోటును చుట్టే గీత అది. దానిని గోలు నడిమి నుంచి ఒకే అర్ధచంద్రంలా గీస్తే వింగులో ఆడే పిల్లకు దూకే చోటు మారిపోయి, ఆమె నేర్చుకున్న అడుగు అసలు పోటీలో పనికిరాదు. రెండు గోలు కర్రల లోపలి వెనక మూలల దగ్గర ఒక్కొక్క మేకు దిగ్గొట్టి, ఒక్కొక్క మేకు నుంచి 6 మీటర్ల తాడుతో పావువంతు వృత్తం గీసి, ఆ రెండు వంపుల కొసలనూ గోలుకు ఎదురుగా 3 మీటర్ల నిటారు గీతతో కలపాలి. అదే మేకుల నుంచి 9 మీటర్ల తాడుతో తెంపుల గీత గీయాలి. 7 మీటర్ల దగ్గర ఒక మీటరు పొడవున పెనాల్టీ గీత, గోలీకి 4 మీటర్ల దగ్గర చిన్న గుర్తు వేస్తే పని పూర్తవుతుంది. సున్నం పొడి కళ్లలో పడితే మంటపెడుతుంది కనుక ముగ్గుపిండి వాడడం మేలు.

గోలు కర్రలను నేలలో పాతాలి, లేదా వెనక ఇసుక బస్తాలు కట్టాలి. పైకడ్డీ పట్టుకుని పిల్లలు వేలాడతారు, నిలకడలేని గోలు ముందుకు పడితే ప్రాణానికే ముప్పు. ఈ ఒక్క విషయంలో రేపు చూద్దాం అనుకోకండి.

బంతి కొనేటప్పుడు దుకాణదారు ఇచ్చినది తెచ్చుకోకూడదు. ఎనిమిది నుంచి పద్నాలుగేళ్ల వరకు ఆడపిల్లలకు 1వ సైజు బంతి వాడాలి, దాని చుట్టుకొలత 50 నుంచి 52 సెంటీమీటర్లు. ఆ పైన 2వ సైజు, 54 నుంచి 56 సెంటీమీటర్ల చుట్టుకొలత, 325 నుంచి 375 గ్రాముల బరువు. ప్రపంచ పోటీల్లో స్త్రీలు ఆడేది ఈ బంతితోనే. 3వ సైజు మగవాళ్లది. బడికి ఒకే బంతి ఉందని మగపిల్లల బంతినే ఆడపిల్లల చేతికి ఇస్తే, వేళ్లు చుట్టుకు అందక, పిల్ల అరచేతితో తోయడం అలవాటు చేసుకుంటుంది. ఆ అలవాటును మాన్పించడానికి తరువాత రెండేళ్లు పడుతుంది.

మొదటి మూడేళ్లు

స్పెయిన్ పద్ధతిలో నాకు నచ్చినది వయసు తరగతుల ఏర్పాటు. అలెవిన్, ఇన్ఫాంతిల్, కదెతె, హువెనిల్ అని సుమారుగా రెండేళ్లకొక మెట్టు చొప్పున పిల్లలు తమ ఊరి క్లబ్బులోనే పైకి ఎక్కుతారు. కార్మెన్ మార్టిన్ కూడా తన అల్మెరియా ప్రాంతపు క్లబ్బుల్లోనే ఆట మొదలుపెట్టారు. ఇంటికి దగ్గరగా, అమ్మ చేతి అన్నం తింటూ, సాయంత్రం ఆడి రాత్రి తన పక్కలో నిద్రపోయే ఆ తొలి ఏళ్లే క్రీడాకారిణికి పునాది. పదేళ్ల పిల్లను ఎక్కడో హాస్టల్లో చేర్పించమని సలహా ఇచ్చేవాళ్ల మాట వినకండి.

మొదటి ఏడాది గట్టిగా విసరడం నేర్పకూడదు, పట్టు నేర్పాలి. బంతిని అయిదు వేళ్ల కొనలతో పట్టి, అరచేయి కింద కొద్దిగా ఖాళీ ఉంచి, మోచేయి భుజం ఎత్తుకు పైన ఉండేలా గోడకు కొట్టించాలి. రెండు మీటర్ల దూరంలో మొదలుపెట్టి, వరసగా ఇరవై సార్లు జారకుండా పట్టినప్పుడు ఒక అడుగు వెనక్కి జరపాలి. మన తీరంలో గాలిలో తడి ఎక్కువ, మట్టి మైదానంలో దుమ్ము ఎక్కువ. ఈ రెండూ కలిసినప్పుడు బంతి జారుతుంది. పెద్ద పోటీల్లో వేళ్లకు జిగురు రాసుకుంటారు గానీ మట్టిలో ఆ జిగురు వాడితే బంతి మట్టిముద్ద అవుతుంది. నడుముకు ఒక తడి గుడ్డ కట్టించి, ఆట ఆగిన ప్రతిసారీ చేయి తుడుచుకోమనడమే నేను చూసిన మంచి ఉపాయం.

అడుగుల లెక్క రెండో పాఠం. బంతి చేతిలో ఉండగా మూడు అడుగులు మించకూడదు, కదలకుండా మూడు సెకన్లు మించి పట్టుకోకూడదు. ఖోఖో ఆడిన పిల్లలు నాలుగో అడుగు తెలియకుండానే వేస్తారు. నేల మీద మూడు చక్రాలు గీసి, ఎడమ, కుడి, ఎడమ అని పైకి లెక్కపెట్టిస్తూ నడిపించి, తరువాత పరుగెత్తించి, చివరికి ఎగిరించాలి. ఎడమచేతి పిల్లకు ఈ వరస కుడి, ఎడమ, కుడి అవుతుంది. అందరికీ ఒకే పాట పాడిస్తే ఆమె ఒక్కతే ప్రతిరోజూ తప్పు కాలి మీద ఎగురుతుంది, ఎవరూ గమనించరు.

పన్నెండేళ్ల పిల్ల రోజుకు నలభై కంటే ఎక్కువ సార్లు బలంగా విసరడానికి నేను ఒప్పుకోను. భుజం కీలు ఎదుగుతున్న వయసు అది. మిగిలిన సమయం పాసులకు, అడ్డుకోవడానికి, చెడుగుడుకే ఇవ్వండి. ఒంటితో అడ్డు నిలవడం చెడుగుడు నేర్పినంత బాగా మరేదీ నేర్పదు. అయితే హ్యాండ్‌బాల్‌లో ఎదుటి పిల్లను చేతులతో పట్టి లాగితే రెండు నిమిషాలు బయట కూర్చోవాలి, అలా మూడుసార్లు జరిగితే ఆ ఆట నుంచి పూర్తిగా పంపేస్తారు. కాబట్టి పట్టే అలవాటును మొదటి నెలలోనే మాన్పించాలి. ఎదురుగా నిలిచి, మోచేతులు వంచి, పాదాలతో జరగడం నేర్పాలి.

వారానికి ఒక రోజు గోపాల్‌పూర్ ఇసుకలో పరుగు పెట్టించగలిగిన బడులు అదృష్టవంతమైనవి. బరంపురం నుంచి పొద్దున్నే బస్సులో వెళ్లి ఎండ ముదరక ముందే తిరిగి రావచ్చు. ఇసుకలో ఎగిరి దిగిన కాలికి మడమ దగ్గర బలం వస్తుంది.

ఎవరిని ఎక్కడ నిలబెట్టాలి

మైదానంలో ఒక వైపు గోలీతో కలిపి ఏడుగురు ఉంటారు. రెండు అంచుల్లో వింగులు, వెనక ముగ్గురు బ్యాకులు, ఎదుటివారి గోడ మధ్యలో వీపు ఆనించి నిలిచే పివట్, గోలులో గోలీ. వింగుకు వేగం, తేలికైన ఒళ్లు, గాలిలో ఉండగానే ఆలోచించే ఓపిక కావాలి. 6 మీటర్ల గీత మీదుగా లోపలికి ఎగిరి, నేల తాకక ముందే బంతి వదలాలి. గోలు వైపు నేరుగా కాకుండా 7 మీటర్ల గుర్తు వైపు దూకమని నేర్పితే కోణం తెరుచుకుంటుంది. సెంటర్ బ్యాక్ స్థానానికి తరగతిలో అందరితో మాట్లాడి పని చేయించగల పిల్లను చూడండి. పివట్‌కు చెడుగుడు పిల్ల సరిపోతుంది.

గోలీ గురించి నేను చేసిన తప్పును ఇక్కడ చెప్పాలి. తొలి రోజుల్లో పరుగెత్తలేని పిల్లను గోలులో నిలబెట్టేవాడిని. ఆ స్థానం మిగిలిపోయినవారికి ఇచ్చేదని ఆ పిల్లకు అర్థమైపోయింది, రెండో ఏడు ఆట మానేసింది. ఆ పిల్ల చేతులు ఎంత చురుకైనవో నాకు తరువాత ఆమె క్యారమ్స్ ఆడుతుండగా తెలిసింది, అప్పటికే ఆలస్యమైంది. నిజానికి గోలీయే జట్టుకు ఆధారం, పైగా ఈ స్థానంలో ఆట ఆలస్యంగా పండుతుంది. స్పెయిన్ గోలీ సిల్వియా నవారో 1979లో పుట్టి, 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో 42 ఏళ్ల వయసులో దేశం తరఫున ఆడారు. పద్దెనిమిదేళ్లకు గోలీ ఇంకా కుదురుకోలేదని ఆమెను పక్కనపెట్టడం తొందరపాటు. బంతికి భయపడని పిల్లను, ఎదుటి మనిషి భుజం చూసి బంతి ఎటు వస్తుందో పసిగట్టే పిల్లను గోలుకు ఎంచుకోండి. మొదట మెత్తని బంతులతో మొదలుపెట్టండి. దగ్గర నుంచి ముఖం మీదికి విసరడాన్ని సాధనలో పూర్తిగా నిషేధించండి.

మోకాలు, ఎండ, తిండి

“మాస్టారండీ, పిల్ల మోకాలు విరగ్గొట్టుకుంటే రేపు పెళ్లెలాగండీ?” అని ఒక తల్లి నన్ను అడిగింది. ఆ ప్రశ్నలోని పెళ్లి సంగతి అలా ఉంచితే, మోకాలి భయం మాత్రం న్యాయమైనదే. హ్యాండ్‌బాల్‌లో ఒక్కసారిగా ఆగి దిశ మార్చేటప్పుడు, ఎగిరి ఒంటికాలి మీద దిగేటప్పుడు మోకాలి లోపలి బంధనం తెగే ప్రమాదం ఆడపిల్లలకు మగవారికంటే ఎక్కువ. ఈ ప్రమాదాన్ని సాధనతో తగ్గించవచ్చని నార్వేలో మహిళా క్రీడాకారిణులతో జరిపిన పరిశోధనలు చూపించాయి. ప్రతిరోజూ ఆటకు ముందు పదిహేను నిమిషాలు ఇందుకు కేటాయించాలి. ఒంటికాలి మీద నిలబడి బంతి మార్చుకోవడం, రెండు కాళ్ల మీద మెత్తగా దిగడం, దిగినప్పుడు మోకాళ్లు లోపలికి ఒరగకుండా పాదం వేళ్ల మీదుగా నిలపడం, వెనక తొడ కండరాలకు బలం ఇచ్చే వంగుళ్లు చేయించాలి. పిల్లలు ఒకరి మోకాళ్లను ఒకరు చూసి దిద్దుకునేలా జతలు కట్టండి. ఈ పదిహేను నిమిషాలను తగ్గించి ఆట ఎక్కువ ఆడించాలనే ఆశ పోటీల ముందు అందరికీ కలుగుతుంది. సరిగ్గా అప్పుడే దానిని విడవకూడదు. మోకాలు వాచిన పిల్లను నూనె రాసి కట్టు కట్టి ఆడించకుండా ఎముకల వైద్యుడికి చూపించండి.

మార్చి నుంచి జూన్ వరకు మన తీరపు ఎండకు చెమట ఆరదు. పొద్దున్న ఐదున్నరకు మొదలుపెట్టి ఏడున్నరకు ముగించాలి. ప్రతి ఇరవై నిమిషాలకు ఉప్పు వేసిన మజ్జిగో, తరవాణో, నిమ్మకాయ నీళ్లో తాగించాలి. తల తిరుగుతోందన్న పిల్లను వెంటనే నీడకు చేర్చి మెడకు, చంకలకు తడి గుడ్డ వేయాలి.

తిండికి డబ్బాల్లోని పొడులు కొనవలసిన పని లేదు. చోడి అంబలి, ఉడకబెట్టిన ఉలవలు, వేరుశనగలు, రోజుకో గుడ్డు, వారానికి రెండుసార్లు చిన్న చేపలు, ఆకుకూరతో నిమ్మకాయ దొరికితే పిల్ల ఒళ్లు నిలుస్తుంది. చాలామంది పిల్లలు ఉదయం ఏమీ తినకుండా మైదానానికి వస్తారు. పిల్లను దబాయించకుండా, చద్దన్నమైనా ఒక గిన్నె తిని రమ్మని ఇంట్లో చెప్పి పంపించండి. ఏడాదికి ఒకసారి ఆరోగ్య కేంద్రంలో రక్తం పరీక్ష చేయించండి. నీరసంగా ఉందని మనం తిట్టే పిల్లకు తరచుగా రక్తమే తక్కువ ఉంటుంది. నెలసరి రోజుల గురించి మాట్లాడడానికి ఒక టీచరమ్మను గానీ పెద్ద తరగతి అమ్మాయిని గానీ జట్టుతో ఉంచండి. ఆ రోజుల్లో ఆడాలా మానాలా అనేది పిల్ల ఇష్టానికే వదలండి. దుస్తుల విషయంలో కూడా పట్టుదలలు వద్దు. మోకాలి కిందికి వచ్చే బిగువు పంట్లాం మీద నిక్కరు వేసుకుంటే ఇంటివారికి అభ్యంతరం ఉండదు, మోకాలు గీసుకుపోకుండా కూడా ఉంటుంది. 2021లో నార్వే మహిళల బీచ్ హ్యాండ్‌బాల్ జట్టు బికినీ కాకుండా నిక్కర్లు వేసుకున్నందుకు జరిమానా వేస్తే ప్రపంచమంతా తప్పుపట్టి, చివరికి ఆ నియమమే మారింది. పిల్ల ఏది వేసుకుంటే బెదురు లేకుండా ఆడగలదో అదే సరైన దుస్తు.

నియమాలు చదివించండి

పిల్లలకు నియమాల పుస్తకం చదివించే మాస్టర్లు తక్కువ. దాని విలువ తెలియాలంటే 2019 డిసెంబరులో జపాన్‌లోని కుమమోటోలో జరిగిన ప్రపంచ పోటీల తుదిపోరు చూడాలి. స్పెయిన్, నెదర్లాండ్స్ 29-29తో సమానంగా ఉన్నాయి, కొన్ని క్షణాలే మిగిలాయి. నెదర్లాండ్స్ వాళ్లు మధ్య గీత నుంచి ఆటను తిరిగి మొదలుపెట్టకుండా ఒక స్పెయిన్ క్రీడాకారిణి అడ్డుపడింది. చివరి 30 సెకన్లలో అలా అడ్డుపడితే ఎర్ర కార్డు చూపించి ఎదుటివారికి పెనాల్టీ త్రో ఇవ్వాలన్నది నియమం. ఆ త్రో గోలయింది, స్పెయిన్ 30-29తో ప్రపంచ విజేత స్థానాన్ని పోగొట్టుకుంది. గోలు పడగానే ఎదుటివారి బంతి జోలికి పోకుండా వెనక్కి పరుగెత్తడాన్ని ప్రతి సాధనలోనూ అలవాటు చేయించండి. అలాగే, దాడి చేసే ఉద్దేశం లేకుండా బంతి తిప్పుతున్నారని రిఫరీ చేయి ఎత్తాక నాలుగు పాసుల్లోపు గోలుకు కొట్టాలి. 2022కు ముందు ఆరు పాసులు ఉండేవి కనుక పాత పుస్తకంతో నేర్పకండి.

ఆ జట్టుకే మరో రోజు కూడా ఉంది. 2012 లండన్‌లో కాంస్యం కోసం దక్షిణ కొరియాతో ఆడిన ఆట రెండు అదనపు సమయాల దాకా సాగి, 31-29తో స్పెయిన్ గెలిచింది. అరవై నిమిషాల ఆట ఎనభై నిమిషాలు ఆడవలసి వచ్చినప్పుడు కాళ్లు నిలబడాలంటే బెంచీ మీది పిల్లలు కూడా మొదటి ఏడుగురంత తయారై ఉండాలి. బడి జట్టులో మంచి ఏడుగురినే అన్ని ఆటలూ ఆడించే మాస్టర్లకు ఈ సంగతి చెప్పాలని నాకు ఎప్పటినుంచో ఉంది.

సరిహద్దు కాగితాలు

పద్నాలుగు, పదిహేనేళ్లకు జిల్లా, రాష్ట్ర ఎంపికలు మొదలవుతాయి. మన ప్రాంతపు పిల్లలు ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే. ఇల్లు ఒడిశాలోని చికిటి వైపు, బడి ఆంధ్రలోని ఇచ్ఛాపురంలో ఉన్న పిల్లలు మనకు చాలామంది ఉన్నారు. బడి పోటీల్లో పిల్ల చదివే బడి ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్రం తరఫునే ఆడుతుంది. కాబట్టి ఎనిమిదో తరగతిలోపే ఇంటివారు కూర్చుని, పిల్ల ఒడిశా వైపు చదవాలా ఆంధ్ర వైపు చదవాలా తేల్చుకుని, తరువాత మార్చకుండా ఉండాలి. ఎంపికల ఏడాది బడి మారిస్తే ఆ ఏడు చేతులారా పోగొట్టుకున్నట్టే.

రెండోది పేరు. మన ఇంటిపేరు ముందు, పేరు వెనక ఉంటుంది. ఒడియా దఫ్తరుల్లో దానిని వెనక్కు తిప్పి రాస్తారు, కొందరు ఇంటిపేరును ఒక్క అక్షరానికి కుదిస్తారు. జనన ధ్రువపత్రంలో ఒకలా, ఆధార్‌లో ఒకలా, బడి రిజిస్టరులో మరోలా ఉండి ఎంపిక రోజున వెనక్కి వచ్చిన పిల్ల నా జట్టులోనే ఉంది. ఆ రోజు తిరుగు బస్సులో ఆమె ఒక్క మాట మాట్లాడలేదు. పిల్ల ఆరో తరగతిలో చేరగానే ఈ మూడు కాగితాలను పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూడండి.

పంపవలసిన వేళ

పదహారు, పదిహేడేళ్లకు పిల్లకు మన మైదానం చాలదు. అప్పుడు కూడా పట్టి ఉంచడం ప్రేమ అనిపించుకోదు. కార్మెన్ మార్టిన్ తన జిల్లా దాటి, నవారాలోని ఇచాకో క్లబ్బులో ఆడారు. ఆ క్లబ్బు 2011లో యూరప్ ఛాంపియన్స్ లీగ్ తుదిపోరు దాకా వెళ్లి, స్పెయిన్‌ను చుట్టుముట్టిన ఆర్థిక సంక్షోభంలో కొద్ది కాలానికే కూలిపోయింది. లండన్ కాంస్యం గెలిచిన క్రీడాకారిణుల్లో చాలామంది ఆ రోజుల్లో ఆట కోసం దేశం విడిచి వెళ్లారు. ఆమె డెన్మార్క్‌లో, స్లొవేనియాలో, రొమేనియాలో, ఫ్రాన్స్‌లో ఆడారు. రొమేనియా రాజధాని బుకారెస్ట్ జట్టుతో 2016లో ఛాంపియన్స్ లీగ్ గెలిచారు. దేశదేశాల భాషలు, చలి, తిండి అన్నీ ఓర్చుకుని, దేశం పోటీలకు తిరిగి స్పెయిన్ చొక్కా వేసుకున్నారు.

మన పిల్ల వెళ్లవలసిన దూరం మొదట భువనేశ్వర్ దాకానే, రైల్లో దాదాపు 170 కిలోమీటర్లు. భాష విషయంలో మన పిల్లలకు భయం అక్కరలేదు. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, టీవీలో హిందీ వింటూ పెరిగిన పిల్ల ఏ శిబిరంలోనైనా ఇమిడిపోతుంది. దేశంలో ఆటకు ఊపు కూడా ఉంది. 2022లో కజకిస్తాన్‌లోని ఆల్మటీలో జరిగిన ఆసియా జూనియర్ మహిళల పోటీల్లో మన అమ్మాయిలు బంగారు పతకం గెలిచారు. 2024 డిసెంబరులో ఆసియా మహిళల పోటీలు న్యూఢిల్లీలోనే జరిగాయి. బతుకుతెరువు గురించి అడిగే తండ్రులకు, భారతీయ రైల్వేకు మహిళల హ్యాండ్‌బాల్ జట్టు ఉందనీ, క్రీడా కోటాలో రైల్వేలోనూ పోలీసు శాఖల్లోనూ ఉద్యోగాలు దొరుకుతాయనీ, వాటికి చదువు అర్హత తప్పనిసరి కనుక ఇంటర్‌ను మధ్యలో ఆపవద్దనీ చెప్పండి.

హాస్టలుకు పంపే ముందు తల్లి గానీ తండ్రి గానీ ఒక రోజు అక్కడికి వెళ్లి, పిల్లలు పడుకునే గది, స్నానాల గది, వంటశాల, రాత్రి కాపలా కళ్లారా చూడాలి. ఆడపిల్లల బాధ్యత చూసే స్త్రీ ఎవరో అడిగి, ఆమె ఫోన్ నంబరు తీసుకోవాలి. అక్కడ ఎవరైనా పిల్లతో తప్పుగా ప్రవర్తిస్తే ఇంటికి చెప్పుకోవచ్చనీ, చెప్పినందుకు ఆట మాన్పించబోమనీ ముందే మాట ఇవ్వాలి. ఆ మాట ఇవ్వని ఇళ్లలో పిల్లలు నోరు మూసుకుని భరిస్తారు.

ఎంపికకు వెళ్లే రోజు సంచిలో ఆధార్, జనన ధ్రువపత్రం అసలు, వాటి మూడేసి నకళ్లు, బడి నుంచి తెచ్చిన ధ్రువీకరణ, వైద్యుడి పత్రం, నాలుగు ఫోటోలు పెట్టండి. వాటితో పాటు మోకాలి ప్యాడ్లు, అదనపు సాక్సులు, చేయి తుడుచుకునే గుడ్డ, రెండు అరటిపళ్లు, నీళ్ల సీసా పెట్టండి. బూట్లు కొత్తవి వద్దు, కనీసం నెల రోజులు వాడినవి ఉండాలి. రాత్రి రైలులో కూర్చుని వెళ్లిన పిల్ల పొద్దున ఎగరలేదు కాబట్టి ముందు రోజు మధ్యాహ్నమే బరంపురంలో రైలెక్కించండి.